ఉమ్మితో పోని మరక

నాకు భయమేస్తే కోపమొస్తుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయనకి జ్వరమొస్తే పక్కన కూర్చుని నుదురు తడిమే రకం కాదు నేను. వానలో తడిసినందుకు ఆయన్నీ, తడిపినందుకు వాననీ కలిపి తిట్టే రకం. అందుకని ఆ రోజు నేను మా అక్క మీద అరిచిన అరుపులు వీధి చివరిదాకా వినపడ్డాయంటే, ఎంత హడలిపోయి ఉంటానో మీరే అనుకోండి.

అక్క అంటే తోబుట్టువు కాదు, తోటికోడలు. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడల్ని. అన్నదమ్ములిద్దరూ ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. మేమిద్దరం ఇంటి ముందుగదిలో బట్టలు కుడతాం. షాపు పెట్టింది మా అత్తగారు. ఆవిడ పోయారు గానీ మిషన్లతో పాటు ఆవిడ మాటలు కూడా మాకే వదిలి వెళ్ళారు. బట్ట కత్తిరించడం, మిషను తొక్కడం నా పని. కాజాలు, హుక్కులు, అంచులు మడిచి కుట్టడం, చేత్తో చేసేదంతా అక్క పని. అక్క కుట్టిన అంచు తిరగేసి చూసినా కుట్టు ఎక్కడుందో కనపడదు. నేను కుట్టిన అంచు రోడ్డు మీంచి చూసినా కనపడుతుంది, అది వేరే సంగతి.

అత్తగారు పెట్టిన పద్ధతి ఒకటుంది మా షాపులో. సూది పట్టాక వేలికి గుచ్చుకోకుండా ఉండదు. తెల్లబట్ట మీద రక్తం చుక్క పడితే నీళ్ళూ సబ్బూ అంటూ పరిగెత్తకూడదు. తెల్లదారం ముక్క నోట్లో వేసుకుని నమిలి, ఉండ చేసి, ఆ ఉమ్మితడితో చుక్క మీద మెల్లగా అద్దాలి. అది కూడా గుచ్చుకున్న మనిషే చెయ్యాలి. ఒకరి రక్తం ఇంకొకరి ఉమ్మికి లొంగదని ఆవిడ నమ్మకం. అందులో నిజమెంతో నాకు తెలీదు గానీ మరక మాత్రం పోయేది. ఇన్నేళ్ళలో పోకపోవడమనేది మేం చూడలేదు. అలా అలా మాకు సూదిపోటు దెబ్బల లెక్కలోంచే పోయింది. రక్తం చూసి ఉలిక్కిపడాల్సిన మనుషులం, రక్తం చూసి దారం నమలడం నేర్చుకున్నాం.

ఇక అక్క సంగతి. ఆవిడకి కీళ్ళవాతం. వేళ్ళ కణుపులన్నీ ఉబ్బి, పొద్దున్న లేచేసరికి రెండు చేతులూ పిడికిళ్ళలా బిగుసుకుపోయి ఉండేవి. గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో ఆ చేతులు పెట్టించి నేను ఒక్కొక్క వేలే విప్పేదాన్ని. "మెల్లగానే, అది వేలు, నువ్వు కత్తిరించే కాలరు కాదు," అనేది. నవ్వుతూనే అనేది, కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరిగేవి. అంత నొప్పిలోనూ సూదిలో దారం తనే ఎక్కించుకోవాలి. నేను ఎక్కిస్తానంటే కస్సుమనేది. "నా సూదిలో ఇంకొకళ్ళు దారం ఎక్కించిన రోజున నేనీ కుర్చీలోంచి లేచిపోయినట్టే," అనేది. దారం కన్నంలోకి వెళ్ళేదాకా నేను అటు తిరిగి ఏదో పనున్నట్టు నటించేదాన్ని.

డాక్టరమ్మ మందులు ఇస్తూనే ఉంది. వాటితో కొంత నయంగానే ఉండేది. కానీ పోయినేడు అక్క పిక్కలో రక్తం గడ్డకట్టి కాలంతా వాచిపోయింది. అప్పట్నించి రక్తాన్ని పల్చగా ఉంచే మాత్ర రోజూ వేసుకోవాలి, అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకుని మోతాదు సరిచూపించుకోవాలి. ఆ మాత్ర ఉండగా గట్టి నొప్పిమాత్రలు పనికిరావు, లోపల ఎక్కడైనా రక్తం కారుతుందని డాక్టరమ్మ వాటిని ఆపేసింది. జ్వరానికి వేసుకునే మామూలు మాత్ర ఒక్కటి మిగిలింది. అది అక్క నొప్పికి ఏ మూలకీ సరిపోలేదు.

అలాంటిది, ఈ మధ్య ఒక పొద్దున అక్క వంటింట్లోకి వచ్చి నా ముందు పిడికిలి తనంతట తనే విప్పి చూపించింది. నీళ్ళ గిన్నె లేదు, నా సాయం లేదు. వేళ్ళు తిన్నగా చాపి, మళ్ళీ మూసి, మళ్ళీ చాపింది. నేను ఎగిరి గంతేశాను.

"ఏం మంత్రం వేశావక్కా?"

పప్పు డబ్బాల వెనక నుంచి ఒక సీసా తీసింది. లోపల ఏదో చెట్టు బెరడు ముక్కలు, ఎండిన వేర్లు. మార్కెట్టు వెనక మూలికల కొట్టాయన ఇచ్చాడట. మరిగించి వడగట్టి రెండు పూటలా తాగుతోందట.

"డాక్టరమ్మకి చెప్పావా?"

"చెబితే ఆపెయ్యమంటుంది."

"పోనీ ఆ కొట్టాయనకి నీ మాత్రల సంగతి చెప్పావా?"

అక్క సీసా మూత బిగించింది. "ఆయన అడిగాడే. ఇంగ్లీషు మందులేమైనా వాడుతున్నావా అమ్మా అని. లేదన్నాను. వాడుతున్నానంటే ఇచ్చేలా లేడు."

ఆ కొట్టాయనకి డాక్టరమ్మ మాత్ర సంగతి తెలీదు, డాక్టరమ్మకి ఆయన కషాయం సంగతి తెలీదు. మధ్యలో రెండూ కలిసి వెళ్ళేది మా అక్క కడుపులోకి. నోరు తెరిచానో లేదో అక్క నా చెయ్యి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"నా మీద ఒట్టు. ఎవరికీ చెప్పకు. వేళ్ళు కదిలి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసుగా."

ఒట్టంటే ఏంటో మీకు నేను చెప్పాలా? మాట తప్పితే నాకు పోయేదేం లేదు, పోయేది ఆవిడ ప్రాణం. ఇలాంటివి నేను నమ్మనని పైకి అంటాను. లోపల నమ్ముతాను. నాకు నోరెక్కువ, గుండె తక్కువ.

ఆ పొద్దుట్నించి నాకు మనశ్శాంతి లేదు. కూర తరుగుతూ అక్క వైపు చూస్తాను, మిషను తొక్కుతూ అక్క వైపు చూస్తాను. మోచేతి కింద వంకాయ రంగులో ఒక మచ్చ కనపడింది. ఏంటని అడిగితే తలుపు తగిలిందంది. రక్తపరీక్షకి వెళ్ళాల్సిన రోజు వచ్చి దాటిపోయింది. అడిగితే "ఈ గౌను పనయ్యాక" అంది.

ఆ గౌను పాటల టీచరు గారిది. బళ్ళో పాటలు నేర్పుతుంది, అప్పుడప్పుడూ స్టేజీ మీద పాడుతుంది. తెల్లటి పట్టు. వీపు పొడుగునా చిన్న చిన్న గుడ్డ గుండీలు, ఒక్కో గుండీకీ దారంతో అల్లిన ఉచ్చు. మిషను చేసే పని కాదు. ఆ సాయంత్రమే కచేరీ, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తానని చెప్పింది. అక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పాత దుప్పటి పరుచుకుని, దాని మీద గౌను పెట్టుకుని కుడుతోంది. వేళ్ళు ఎంత చురుగ్గా కదులుతున్నాయంటే నేను మిషను ఆపి చూస్తూ ఉండిపోయాను. అబ్బ, ఎంత బాగున్నాయి అనిపించింది. వెంటనే, దేవుడా, ఎందుకింత బాగున్నాయి అని కూడా అనిపించింది.

"ఏంటే, గుడ్లప్పగించి చూస్తున్నావ్?"

"నీ అందం చూస్తున్నాలే."

"చూసింది చాలు గానీ నడుం పట్టీ ఇస్త్రీ చెయ్యి."

ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకున్నానో లేదో "స్స్" అంది అక్క. సూది గుచ్చుకుంది. మా గదిలో రోజూ వినపడే చప్పుడే, నేను తల కూడా తిప్పలేదు. దారం కొరికింది. నమిలింది. అద్దింది. నేను పట్టీ తిరగేసి రెండో వైపు ఇస్త్రీ చేస్తున్నాను. అక్క మళ్ళీ దారం కొరికింది.

"ఇదేం చోద్యమే," అంది. "పోవట్లేదు."

"సరిగ్గా అద్దు."

"నాకు నేర్పుతావా? అద్దేకొద్దీ పెద్దదవుతోంది."

లేచి వెళ్ళాను. ఆవగింజంత ఉండాల్సిన చుక్క. గోరంత ఎర్రమరక అయి కూర్చుంది. అక్క మళ్ళీ అద్దుదామని నోట్లోంచి దారం ఉండ తీసింది. తెల్లదారంతో చేసిన ఉండ. అది ఎర్రగా ఉంది.

వేలి రక్తం అంటుకుందనుకున్నాను. కానీ సూది గుచ్చుకున్నది ఎడంచేతి వేలికి. ఉండని పట్టుకున్నది కుడిచేత్తో.

"అక్కా, నోరు తెరు."

"ఎందుకూ?"

"తెరవమన్నానా!"

తెరిచింది. చిగుళ్ళ వెంట, పళ్ళ సందుల్లో రక్తం సన్నగా ఊరుతోంది. నాలుక మీద కూడా ఎరుపే. పాపం ఆవిడ, రక్తపు మరక పోగొట్టడానికి దాని మీద రక్తమే అద్దుతోంది.

కుర్చీ చెయ్యి పట్టుకుని అక్కడే కింద కూలబడ్డాను. "పొద్దున్న పళ్ళు గట్టిగా తోమానేమోలే," అంటోంది అక్క. గుచ్చుకున్న వేలు తుడిచాను. చుక్క మళ్ళీ వచ్చింది. గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి వదిలాను. మళ్ళీ వచ్చింది. సూదిపోటు రక్తం ఇలా ఆగకుండా రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ చేతుల మీద కప్పుకున్న కొంగు పక్కకి లాగాను. మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లగా, నీలంగా మచ్చలు, నిన్న లేనివి.

"ఇవన్నీ తలుపేనా? ఆ తలుపు నీ మీద పగబట్టిందా?"

"అబ్బా, అరవకే. అసలే తల పగిలిపోతోంది."

"ఏమన్నావ్?"

"తలనొప్పే. పొద్దున్నించీ ఉంది. ఈ గుండీలకి కళ్ళు లాగి వచ్చుంటుంది."

ఆ మాత్ర మొదలుపెట్టిన రోజున డాక్టరమ్మ గదిలో నేనూ ఉన్నాను. చిగుళ్ళలోంచి రక్తమొచ్చినా, ఊరికే ఒళ్ళు కమిలినా వెంటనే రండి అంది. తలనొప్పి గట్టిగా వచ్చిందంటే మాత్రం ఇంకేం ఆలోచించకండి, ఉన్నపళాన పరిగెత్తుకు రండి, లోపల రక్తం కారితే బయటికి కనపడదు అంది. అప్పుడు అక్క తలూపింది. నేనూ తలూపాను.

"లే," అన్నాను. "ఆసుపత్రికి. లే!"

"ఇంకాసిని గుండీలేనే. అవి కాగానే..."

"గుండీలు నా నెత్తిన కుట్టు! లేస్తావా, ఈడ్చుకెళ్ళమంటావా? చస్తే గుండీలు ఎవరు కుడతారు? మన అత్తగారు దిగొచ్చి కుడతారా?" ఇలాంటివి ఇంకా చాలా అన్నాను. ఏమన్నానో నాకే గుర్తులేదు.

సరిగ్గా అప్పుడే పాటల టీచరు గుమ్మంలోకి వచ్చింది. నా అరుపులు వీధి మొదట్లోనే వినపడ్డాయిట. అక్క వేలు చూసింది, నోరు చూసింది, ఒళ్ళో గౌను మీద మరక చూసింది. నాకు ఇంకో భయం పట్టుకుంది, ఇప్పుడీవిడ ఏమంటుందో అని. ఆవిడ గౌను తీసి బల్ల మీద పడేసింది.

"పాత గౌనులో పాడితే నా గొంతేం మారిపోదు. నేనొచ్చిన టాక్సీ బయటే ఉంది, నేను నడిచి వెళ్తాను. ఎక్కండి ముందు."

అక్కని లేవదీసింది ఆవిడే. నేను వంటింట్లోకి పరిగెత్తి పప్పు డబ్బాలన్నీ తోసేసి సీసా తీసి సంచిలో వేసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో అప్పటికి నాకే తెలీదు.

టాక్సీలో అక్క వేలికి చుట్టిన గుడ్డ మెల్లగా తడిసింది. ఇంకో గుడ్డ చుట్టాను. అదీ తడుస్తోంది. అక్క తల సీటుకి ఆనించి కళ్ళు మూసుకుంది. కళ్ళు మూస్తే నాకు భయం, తెరిస్తే ఆ ఎర్రటి పళ్ళు చూసి భయం. "అక్కా, మాట్లాడు" అని గిల్లాను.

"ఏం మాట్లాడను? ఒట్టు గుర్తుందా నీకు?"

"ఇప్పుడు కూడా ఒట్టేనా?"

"చెప్పావంటే అది ఆపేస్తారు. మళ్ళీ పొద్దున్నే ఆ పిడికిళ్ళు. నీకు తెలీదే. పక్కలోంచి లేచి దుప్పటి తొలగించుకోలేక ఏడ్చిన రోజులున్నాయి. మీ బావగారికి కూడా తెలీదు." కళ్ళు తెరిచి ఒళ్ళోని చేతులు చూసుకుంది. "ఈ వేళ్ళు తప్ప నాకేముందే? పిల్లలా, చదువా? వేళ్ళు లేకపోతే ఆ కుర్చీలో కూర్చుని నిన్ను చూస్తూ బతకాలా?"

"బతుకు మరి! నన్ను చూస్తూ బతికితే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను. టాక్సీ అబ్బాయి అద్దంలోంచి వెనక్కి చూశాడు. నేను మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాను.

అదృష్టం బాగుండి మా డాక్టరమ్మ ఆసుపత్రిలోనే ఉంది. అక్కని మంచం మీద పడుకోబెట్టి చిగుళ్ళు చూసింది, చేతులు చూసింది, కళ్ళల్లోకి లైటు వేసి చూసింది. రక్తం తీసి పంపించింది. ఆవిడ మొహం మారడం నేను కనిపెట్టాను.

"మాత్ర ఎక్కువేమైనా వేసుకున్నారా?"

"లేదమ్మా, మీరు చెప్పినట్టే," అంది అక్క.

"కొత్తగా ఇంకేమైనా వాడుతున్నారా? కషాయం, పొడి, ఆకుమందు, ఏదైనా?"

"ఏం లేదమ్మా."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి."

అక్క కూడా నా వైపు చూసింది. బెదిరిస్తున్నట్టు చూసినా బాగుండేది. బతిమాలుతోంది. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, సూదిలో దారం కూడా ఎక్కించనివ్వని మనిషి, కళ్ళతో నన్ను బతిమాలుతోంది. చెబితే ఒట్టు చంపుతుంది. చెప్పకపోతే ఆ కషాయం చంపుతుంది. ఎటు చూసినా మా అక్కే పోతుంది, ఎటు చూసినా నా చేతుల మీదే పోతుంది. కడుపులోంచి భయం గొంతు దాకా వచ్చింది. గొంతు దాటాక ఎప్పట్లాగే అది కోపమైంది.

సంచిలోంచి సీసా తీసి బల్ల మీద ఠంగుమని పెట్టాను. "ఇదిగో! ఇది తాగుతోంది మహాతల్లి! రెండు పూటలా! మీకు చెప్పలేదు, ఇచ్చినాయనకి మీ మాత్ర సంగతి చెప్పలేదు, నా చేత ఒట్టు వేయించుకుంది!"

అక్క కళ్ళు మూసుకుంది. ఇక తెరవలేదు.

డాక్టరమ్మ సీసా మూత తీసి వాసన చూసింది. ఇందులో ఏమేం ఉన్నాయంది. నాకేం తెలుసు? సీసా మీద కొట్టు ఫోన్ నంబరు ఉంటే చేసి, డాక్టరమ్మ వినేలా పెట్టాను. మూలికలాయన విషయమంతా విన్నాడు. తర్వాత, దాపరికం లేకుండా ఒక్కొక్కటే చెప్పాడు, ఏ బెరడు, ఏ వేరు, ఎంతెంత అని. చివర్లో ఆయనే అన్నాడు. "నేనడిగానమ్మా ఆవిణ్ణి. ఏ మందూ వాడటం లేదంది. వాడుతున్నానని ఉంటే కాపడం పెట్టుకోమని చెప్పి పంపేసేవాణ్ణి. ఇప్పుడెలా ఉందమ్మా ఆవిడకి?"

"ఈ బెరడు కూడా రక్తాన్ని పల్చన చేసేదే," అంది డాక్టరమ్మ నాతో, ఫోను పెట్టేశాక. "మాత్ర ఒక పక్క, ఇది ఒక పక్క. రెండూ కలిసి రక్తాన్ని నీళ్ళు చేసేశాయి." అక్కకి ఇంజెక్షన్ ఇచ్చి, తలలో ఎక్కడైనా కారిందేమో చూడాలని స్కానింగుకి తోసుకెళ్ళారు. తలుపు మూసుకుంది.

నేను నడవాలో బెంచీ మీద కూర్చున్నాను. మా చిన్నప్పుడు ఆటల్లో ఒట్టు వేసుకుని, తర్వాత "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అనేసుకునేవాళ్ళం. అంటే ఒట్టు పోయినట్టే. బెంచీ మీద కూర్చుని పిచ్చిదానిలా అదే గొణుక్కున్నాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టు, ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. కానీ ఆటలో కూడా ఒక రూలుండేది. ఒట్టు పెట్టినవాళ్ళే తియ్యాలి. పెట్టిన మనిషి ఆ తలుపు వెనక ఉంది, కళ్ళు మూసుకుని.

బావగారు ఫ్యాక్టరీ నుంచి పరిగెత్తుకొచ్చారు. చొక్కా చేతులు ఇంకా ఐసు నీళ్ళతో తడిగానే ఉన్నాయి. "ఏమైందమ్మా?" అన్నారు. నేను బెంచీ మీద జరిగి చోటిచ్చాను. ఆయన నా పక్కన కూర్చుని, తడిచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఆ తలుపు వైపే చూస్తూ ఉండిపోయారు. అవతల నర్సుల చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఇద్దరం లేచి నిలబడ్డాం. ప్రతిసారీ అది మా కోసం కాదు.

చివరికి డాక్టరమ్మే వచ్చింది. "తలలో ఏం లేదు," అంది. "రక్తం చిక్కబడుతోంది. సమయానికి తీసుకొచ్చారు." బావగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. నేను దణ్ణం పెట్టలేదు. ఇంత ఆలస్యంగానా చెప్పేది అని ఆవిడ మీద కూడా కేకలేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, మంచినీళ్ళు తెప్పించి ఇచ్చింది.

మంచం దగ్గర డాక్టరమ్మ అక్కని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆకుమందు వాడినందుకు కాదండీ నా బాధ. ఏదైనా వాడాలనుకుంటే నాకు చూపించండి, ఇది మీ మాత్రతో పడుతుందో లేదో చూసి చెబుతాను. ఆఖరికి పైన రాసుకునే నూనె అయినా సరే చూపించండి."

"మరి నా వేళ్ళు?" అంది అక్క. అది తప్ప ఇంకేమీ అడగలేదు.

"వచ్చినప్పుడల్లా నొప్పెలా ఉందని అడిగాను. పర్లేదమ్మా, పర్లేదమ్మా అన్నారు. నేను పర్లేదనే అనుకున్నాను. ఇంత ఉందని చెప్పుంటే మందు ఎప్పుడో మార్చేదాన్ని." కొత్త మందు రాసింది. అది పనిచెయ్యడానికి టైం పడుతుందనీ, ఈలోగా వేళ్ళు మళ్ళీ బిగుసుకుంటాయనీ దాచకుండా చెప్పింది. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చాక అక్క నాతో మాట్లాడటం మానేసింది. ఉప్పు కావాలంటే బావగారితో చెబుతుంది, బావగారు నాతో చెబుతారు. వేళ్ళు డాక్టరమ్మ చెప్పినట్టే మళ్ళీ పిడికిళ్ళయ్యాయి. పొద్దున్నే నీళ్ళ గిన్నె తెచ్చి ముందు పెట్టేదాన్ని. చేతులు పెట్టేది. ఒక్కొక్క వేలే విప్పేదాన్ని. మెల్లగానే అని కూడా అనేది కాదు. ఆ మాట కోసం నేను ఎంత ఎదురుచూశానో. తిట్టినా బాగుండును అనుకునేదాన్ని. ఇంకో పక్క నా పిచ్చి భయం అలాగే ఉంది. ఒట్టు తప్పాను, ఆవిడ తియ్యలేదు. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఒకసారి అలా పెడితే కళ్ళు తెరిచి నా వేలు చూసి మళ్ళీ మూసుకుంది.

రక్తపరీక్షలు మళ్ళీ సరిగ్గా వస్తున్నాయన్నాక, ఒక రోజు అక్క వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. బల్ల మీద పాటల టీచరు గౌను అలాగే ఉంది. నిదానంగా ఇవ్వండి, ఇంకో కచేరీ ఉంది అని కబురు పెట్టింది ఆవిడ. మరకపడ్డ గుండీల పట్టీ నేనే విప్పి తీసేసి, మిగిలిన ముక్కలోంచి కొత్తది కత్తిరించి జోడించాను. అక్క గౌను ఒళ్ళోకి తీసుకుంది. దారం ఎక్కించడానికి ఎంతసేపు పట్టిందో. నేను అటు తిరిగి ఇస్త్రీపెట్టె తుడిచిందే తుడిచాను. కొత్త మందు ఇంకా పూర్తిగా పట్టలేదు, వేళ్ళు సగమే వంగుతున్నాయి. అయినా ఒక ఉచ్చు అల్లింది. రెండోది మొదలుపెట్టింది.

"స్స్."

ఇస్త్రీపెట్టె నా చేతిలోంచి జారి బల్ల మీద పడింది. నేను అక్క దగ్గరికి వెళ్ళలేకపోయాను. అక్క కూడా కదల్లేదు. ఎడంచేతి వేలు పైకెత్తి పట్టుకుంది. వేలి మీద ఎర్రగా ఒక చుక్క. ఇద్దరం ఆ చుక్కనే చూస్తున్నాం. అక్క పెదవులు వణకడం అప్పుడు చూశాను. ఇన్నాళ్ళూ భయపడింది నేనొక్కదాన్నే అనుకున్నాను.

బొటనవేలితో నొక్కి పట్టుకుంది. బయట ఎవరో సైకిల్ బెల్లు కొడుతూ వెళ్ళారు. నొక్కి పట్టుకునే ఉంది. తర్వాత మెల్లగా వదిలింది.

రాలేదు. మళ్ళీ చూశాం. రాలేదు.

తెల్లపట్టు మీద మాత్రం ఆవగింజంత ఎరుపు. అక్క దారం కొరికింది, నోట్లో వేసుకుని నమిలింది. ఉండ బయటికి తీసింది. తెల్లగా ఉంది. అద్దింది, ఇంకోసారి అద్దింది, పట్టీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మరక లేదు.

"ఏడుస్తున్నావా?" అంది అక్క. ఇన్నాళ్ళకి నాతో అన్న మొదటి మాట.

"ఏడవట్లేదు. నీ మీద కోపమొస్తోంది."

అక్క నా మొహంలోకి చూసింది. "అంత భయపడ్డావా?" అంది.

నేను జారిపడ్డ ఇస్త్రీపెట్టె తీసి నిలబెట్టాను.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాలే," అంది. సూదిలో మిగిలిన దారం అయిపోయింది. వంకర తిరిగిన వేళ్ళతో ఆ ఉత్త సూదిని నా వైపు చాపింది. "కళ్ళు తుడుచుకుని ఇందులో దారం ఎక్కించు."